పరిశోధన ప్రాజెక్టుకు నిధుల దరఖాస్తు: ధర్మవరం నేతపై నా ప్రతిపాదన రెండుసార్లు మంజూరు కాలేదు, లోపం ఎక్కడ?

అనంతసీమ:

సభ్యులందరికీ నమస్కారం. నేను రాయలసీమలోని ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో అర్థశాస్త్రం బోధిస్తున్నాను. పీహెచ్‌డీ పట్టా వచ్చి ఆరేళ్లయింది. ధర్మవరం పట్టు నేతపై ఒక చిన్న పరిశోధన ప్రాజెక్టు చేయాలన్న కోరికతో గడచిన మూడేళ్లలో రెండు వేర్వేరు సంస్థలకు ప్రతిపాదనలు పంపాను. ఒకచోటి నుంచి ఒకే వాక్యంతో విచారం తెలిపే ఉత్తరం వచ్చింది. రెండోచోట ఎంపికైనవారి జాబితా వెబ్‌సైటులో పెట్టారు, అందులో నా పేరు లేదు. లోపం ఎక్కడుందో చెప్పినవారు లేరు.

ఈసారి భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలికి, అంటే మనమంతా ఐసీఎస్‌ఎస్‌ఆర్ అని పిలిచే సంస్థకు, మైనర్ ప్రాజెక్టు కోసం దరఖాస్తు చేద్దామనుకుంటున్నాను. పంపేముందు మీ ముందు పెడుతున్నాను. శీర్షిక: ధర్మవరం చేనేత కార్మికుల సామాజిక, ఆర్థిక స్థితిగతులు, ఒక అధ్యయనం. లక్ష్యాలు ఐదు: కార్మికుల ఆదాయ వ్యయాలను పరిశీలించడం, రుణభారాన్ని అంచనా వేయడం, ప్రభుత్వ పథకాల ప్రభావాన్ని తెలుసుకోవడం, మరమగ్గాల పోటీని విశ్లేషించడం, తగిన సూచనలు చేయడం. పద్ధతి: 400 కుటుంబాలు, 84 ప్రశ్నల పట్టిక, ఇద్దరు క్షేత్ర పరిశోధకులు, 15 రోజుల క్షేత్రపర్యటన. మొత్తం బడ్జెట్ 5 లక్షల రూపాయలు. దయచేసి నిర్మొహమాటంగా చెప్పండి.

విశ్రాంతాచార్య:

అనంతసీమ గారికి నమస్కారం. నిర్మొహమాటంగా చెప్పమన్నారు కాబట్టి చెబుతున్నాను. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఇటువంటి ప్రతిపాదనలు రాసి పంపాను, చివరి పదేళ్లు ఇతరులు పంపినవి చదివి మార్కులు వేశాను. మీ శీర్షిక లాంటి శీర్షికలు ఒక్కో విడతలో ఎన్ని చూశానో లెక్క పెట్టుకోలేదు గానీ, చూసిన ప్రతిసారీ ఒక చిన్న పరీక్ష పెట్టేవాణ్ని. ధర్మవరం అన్న మాట తీసేసి ఆ చోట వెంకటగిరి అని రాస్తే, లేదా పోచంపల్లి అని రాస్తే, లోపల ఏదైనా వాక్యం మారుతుందా? మీ ఐదు లక్ష్యాల్లో ఒక్క అక్షరం కూడా మారదు. అంటే మీరు ధర్మవరం గురించి ఇంకా ఏమీ చెప్పలేదన్నమాట. స్థితిగతులు అనేది పరిశోధన అంశం కావచ్చు, పరిశోధన ప్రశ్న కాదు. ప్రశ్న అన్నాక దానికి రెండు మూడు జవాబులు సాధ్యమై ఉండాలి, వాటిలో ఏది నిజమో ఇవాళ ఎవరికీ తెలియకుండా ఉండాలి, మీ పని పూర్తయ్యాక తెలియాలి. నేత కార్మికులు అప్పుల్లో ఉన్నారని తేల్చడానికి 5 లక్షలు ఎందుకని సమీక్షకుడు అడిగితే మీ దగ్గర జవాబు ఉందా?

రెండో సంగతి. సమీక్షకులు సాహిత్య సమీక్ష చదవకముందే బడ్జెట్ పుట తెరుస్తారు. కనీసం నేను తెరిచేవాణ్ని. మీ లెక్క చూడండి. 400 ఇళ్లు, ఇద్దరు మనుషులు, 15 రోజులు. ఒక్కొక్కరు రోజుకు 13 ఇళ్లకు పైగా తిరగాలి. 84 ప్రశ్నలకు ఎంత తొందరపడినా గంటంపావు పడుతుంది. అంటే రోజుకు 16 గంటలకు పైగా అడుగుతూనే ఉండాలి, నడక, భోజనం, నిద్ర లేకుండా. ఈ గుణకారం చేయడానికి సమీక్షకుడికి అర నిమిషం చాలు. చేశాక అతనికి కలిగే అనుమానం ఒక్కటే: ఈ పట్టికలు ఇంటింటికీ తిరిగి కాకుండా లాడ్జి గదిలో కూర్చుని నింపుతారేమో. మీరు అటువంటివారు కారని నాకు తెలుసు, కానీ కాగితం మీద అలాగే కనిపిస్తున్నారు.

అనంతసీమ:

ఆచార్యులవారికి ధన్యవాదాలు. చదవగానే కొంచెం కష్టం కలిగిన మాట నిజం. 84 ప్రశ్నలు నా సిద్ధాంత వ్యాసం నుంచి తెచ్చినవి, అప్పుడు ఎవరూ ఆక్షేపించలేదు. 15 రోజులన్నది వేసవి సెలవుల్లో మా కళాశాల నుంచి అనుమతి దొరికే గడువును బట్టి వేశాను. పని ఎంత పడుతుందన్నది లెక్కించలేదని ఒప్పుకుంటున్నాను. అయితే ప్రశ్న ఎలా పట్టుకోవాలి? పుస్తకాలు చదివితే అన్నీ ఎవరో ఒకరు రాసినట్టే ఉంటాయి.

నేతింటి బిడ్డ:

అనంతసీమ గారూ, నేను పరిశోధకురాలిని కాను, బ్యాంకు ఉద్యోగిని. మా నాన్నగారు ధర్మవరంలో ముప్పై ఏళ్లకు పైగా షావుకారు దగ్గర కూలికి నేశారు. మీ పట్టికలో నెలకు మీ ఆదాయం ఎంత అన్న ప్రశ్న ఉందనుకుంటాను. మా ఇంట్లో ఆ ప్రశ్నకు జవాబు లేదు. నేతగాడికి నెల జీతం ఉండదు, చీరకు ఇంతని మజూరీ ఉంటుంది. పడుగు, పేక, జరీ షావుకారు ఇస్తాడు. మగ్గం కూడా చాలాసార్లు అతనిదే. పెళ్లికో, ఆసుపత్రికో ముందుగా తీసుకున్న సొమ్ము మజూరీలోంచి కోత పడుతూ ఉంటుంది, అది తీరేదాకా ఇంకో షావుకారు దగ్గరికి పోవడానికి వీలుండదు. ఆ సొమ్మును మా ఇంట్లో అప్పు అనేవారు కాదు, అడ్వాన్సు అనేవారు. మీకు అప్పు ఉందా అని అడిగితే మా నాన్న లేదనే చెప్పేవారు. మీ రుణభారం పట్టికలో అది సున్నాగా పడుతుంది.

ఇంకొకటి. నేతకు కావలసిన దారం కండెలు చుట్టేది మా అమ్మ. మజూరీ మాత్రం నాన్న చేతికి వచ్చేది. కార్మికుడు ఎవరని అడిగితే ఇంట్లో అందరూ నాన్న పేరే చెప్పేవారు.

మీరు ప్రభుత్వ పథకాల ప్రభావం అని రాశారు. నేతన్న నేస్తం పథకం 2019 డిసెంబరులో మా ధర్మవరంలోనే మొదలైంది. సొంత మగ్గం ఉన్న నేత కుటుంబానికి ఏడాదికి 24 వేల రూపాయల చొప్పున 2023 దాకా ఐదు విడతలు ఇచ్చారు. సొంత మగ్గం అన్న మాట గమనించండి. షావుకారు మగ్గం మీద కూలికి నేసేవాడి సంగతి ఏమిటి? మా వీధిలో దీని మీద పెద్ద చర్చే నడిచింది. సొమ్ము కోసం మగ్గం కొనుక్కుని విడిగా నేయడం మొదలుపెట్టినవారు ఉన్నారా, లేక కాగితం మీద మాత్రమే మగ్గం చేతులు మారిందా అన్నది నాకు తెలియదు. ఒకవేళ ఎవరైనా పరిశోధన చేస్తే నాకు తెలుసుకోవాలని ఉంది.

విశ్రాంతాచార్య:

అనంతసీమ గారూ, మీ ప్రశ్న ఈమె చేతిలో ఉంది. పుస్తకాల్లో దొరకనిది అందుకే. మగ్గం యాజమాన్యాన్ని అర్హతగా పెట్టిన నగదు సహాయం, యజమాని నేతగాడికీ కూలి నేతగాడికీ మధ్య ఉన్న తేడాను పెంచిందా, తగ్గించిందా, లేక కూలివారిని యజమానులుగా మార్చిందా? చూడండి, మూడు జవాబులు సాధ్యం. ఏది నిజమో మనకు తెలియదు. ఇప్పుడు ధర్మవరం తీసేసి సొంత మగ్గాలే ఎక్కువగా ఉన్న ఊరి పేరు పెడితే ప్రశ్నే నిలవదు. ఆ పరీక్షలో నెగ్గారు.

దీనితో మీ ఐదు లక్ష్యాల్లో నాలుగు వాటంతటవే రాలిపోతాయి. మరమగ్గాల పోటీ అన్నది పూర్తిగా వదిలేయమని నా సలహా. కొన్ని రకాల వస్త్రాలను చేనేతకే కేటాయిస్తూ 1985లో చట్టం వచ్చిన సంగతి మీకు తెలుసు. ఆ చట్టం అమలు గురించి మరమగ్గం యజమానిని ఇంటికి వెళ్లి అడిగితే ఎవరూ నిజం చెప్పరు, పైగా మిమ్మల్ని తనిఖీకి వచ్చినవారనుకుంటే ఆ వీధిలో మిగిలిన తలుపులు కూడా మూసుకుంటాయి. తగిన సూచనలు చేయడం అన్నది లక్ష్యం కానే కాదు. ఆ వాక్యం మన దేశంలో ప్రతి ప్రతిపాదన చివరా ఎందుకు ఉంటుందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

నమూనా ఎంపిక గురించి ఒక మాట. కూలి నేతగాళ్ల జాబితా మీకు ఎక్కడ దొరుకుతుందో ప్రతిపాదనలోనే చెప్పాలి. 2019-20లో జరిగిన నాలుగో అఖిల భారత చేనేత గణన ఒక ఆధారం. చేనేత జౌళి శాఖ దగ్గర ఉండే లబ్ధిదారుల జాబితా ఇంకొకటి, కానీ అందులో పథకం అందినవారే ఉంటారు, మీకు అందనివారు కూడా కావాలి. అందుకని ముందు రెండు మూడు వీధులు ఎంచుకుని ఇంటింటి జాబితా మీరే తయారు చేసి, దాని నుంచి లాటరీ పద్ధతిలో తీయడం మేలు. జాబితా తయారీకి అయ్యే రోజులు కూడా బడ్జెట్‌లో కనిపించాలి.

పద్దులమనిషి:

నేను ఒక విశ్వవిద్యాలయ ఆర్థిక విభాగంలో ప్రాజెక్టుల ఖాతాలు చూశాను. ఆచార్యులు మంజూరు దాకా చెబుతారు, మంజూరు తర్వాత జరిగేది మా టేబుల్ మీద జరుగుతుంది కాబట్టి నేను అది చెబుతాను.

ఐసీఎస్‌ఎస్‌ఆర్ మార్గదర్శకాల్లో ఖర్చు పద్దులకు పరిమితులు ఉన్నాయి. పరిశోధన సిబ్బందికి మొత్తంలో 45 శాతం మించరాదు. క్షేత్రపర్యటనకు 35 శాతం, పరికరాలు, అధ్యయన సామగ్రికి 10 శాతం, కంటింజెన్సీకి, అంటే చిల్లర ఖర్చులకు, 5 శాతం, నివేదిక ప్రచురణకు 5 శాతం. సంస్థకు నిర్వహణ ఖర్చుల కింద ఇచ్చే ఓవర్‌హెడ్ వీటికి అదనం. మీరు దరఖాస్తు చేసే ఏడాది ప్రకటనతో ఈ అంకెలను ఒకసారి సరిచూసుకోండి, ప్రకటనలో ఏముంటే అదే చెల్లుతుంది. చాలామంది అధ్యాపకులు ముందు 5 లక్షలు అనుకుని, ఆ మొత్తాన్ని ఈ శాతాల ప్రకారం కోసి పట్టికలో వేస్తారు. అలా వేసిన బడ్జెట్ చూడగానే తెలిసిపోతుంది, ప్రతి అంకె చివరా గుండ్రని సున్నాలుంటాయి, ఏ అంకె వెనకా పని ఉండదు. పనిని ముందు రోజుల్లోకి, రోజులను మనుషుల్లోకి, మనుషులను రూపాయల్లోకి మార్చి, చివర శాతాలతో సరిచూడాలి.

సొమ్ము విడతలుగా వస్తుంది: మొదట 40 శాతం, మధ్యలో పురోగతి నివేదిక, ఖర్చు లెక్కలు అందాక ఇంకో 40 శాతం, తుది నివేదికను ఆమోదించాక 20 శాతం. దీని అర్థం ఏమిటో చాలామంది ఆలోచించరు. చివరి 20 శాతం మీ పని పూర్తయ్యాక వస్తుంది, ఖర్చు మాత్రం ముందే అయిపోయి ఉంటుంది. ఆ సొమ్ము మీ జేబులోంచి పెడతారా, కళాశాల ముందుగా సర్దుతుందా అన్నది మొదటిరోజే తేల్చుకోవాలి. నాకు తెలిసిన ఒక అధ్యాపకుడు మొదటి విడత రాగానే ల్యాప్‌టాప్, ప్రింటరు కొన్నారు. రెండో విడత ఆలస్యమైంది. క్షేత్ర పరిశోధకులకు మూడు నెలలు డబ్బు ఇవ్వలేక చివరకు బంగారం తాకట్టు పెట్టారు. పరికరాలు కొనడం తప్పు కాదు, కానీ అవి ప్రాజెక్టు అయ్యాక కళాశాలకు అప్పగించవలసినవి, మనుషుల పని ఆగితే ప్రాజెక్టే ఆగిపోతుంది.

వినియోగ ధ్రువపత్రం గురించి కూడా చెప్పాలి. దాన్ని అందరం యూసీ అనే పిలుస్తాం. 2017 నాటి కేంద్ర సాధారణ ఆర్థిక నియమావళిలో 12-ఏ నమూనా అని ఒకటుంది, అందులోనే ఇవ్వాలి. పద్దు పేరు మంజూరు ఉత్తర్వులో ఎలా ఉందో ఖర్చు పట్టికలో అక్షరం మారకుండా అలాగే ఉండాలి. క్షేత్రపర్యటన పద్దులో మిగిలిన సొమ్మును సిబ్బంది పద్దుకు వాడుకున్నానని చివర చెబితే చెల్లదు, ముందుగా అనుమతి తీసుకోవాలి. ఆటో ఛార్జీకి రసీదు ఎక్కడిదని అడుగుతారు మరి. అటువంటివాటికి తేదీ, బయలుదేరిన చోటు, చేరిన చోటు, మొత్తం రాసి సంతకం చేసిన వోచరు ఏ రోజుది ఆ రోజే రాసుకోవాలి. ఆరు నెలల తర్వాత ఒకే కలంతో ఒకే రోజు రాసిన అరవై వోచర్లను గుర్తుపట్టడం ఆడిటరుకు పెద్ద పని కాదు.

ప్రయోగశాల:

ఈ చర్చను విజ్ఞాన శాస్త్రాల వారు కూడా చదువుతుంటారు కాబట్టి మా వైపు సంగతి క్లుప్తంగా చెబుతాను. విజ్ఞాన, ఇంజనీరింగ్ పరిశోధనలకు నిధులిచ్చిన కేంద్ర సంస్థ సర్బ్ స్థానంలో అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ వచ్చింది. 2023లో చట్టం చేశారు, 2024 ఫిబ్రవరిలో అది అమల్లోకి వచ్చింది. ఐదేళ్లలో 50 వేల కోట్ల రూపాయలన్నది ప్రకటించిన లక్ష్యం, అందులో 14 వేల కోట్లు ప్రభుత్వ వాటా, మిగిలింది పరిశ్రమలు, దాతలు తదితరుల నుంచి రావాలి. ఆ మిగిలిన భాగం గురించి నాకు నా అనుమానాలు ఉన్నాయి, అది వేరే చర్చ.

డిగ్రీ కళాశాలలో ప్రయోగశాల లేదని నిరాశపడే రసాయన, భౌతిక శాస్త్ర అధ్యాపకులు టేర్ అనే పథకం చూడాలి. సర్బ్ కాలంలో మొదలైంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాలు, కళాశాలల్లో పనిచేసే పీహెచ్‌డీ ఉన్న అధ్యాపకుడు దగ్గరలోని ఐఐటీలోనో, కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనో, జాతీయ ప్రయోగశాలలోనో ఏడాదికి కనీసం 90 రోజులు పనిచేసేలా మూడేళ్లు సాయం ఇస్తారు. ఇక్కడ కూడా దరఖాస్తు నిలబడేది ప్రశ్న మీదే, కానీ ఇంకొకటి కావాలి: ఆతిథ్యమిచ్చే శాస్త్రవేత్త మీ పేరు కూడా తెలియకుండా సంతకం పెట్టిన లేఖ, మీతో కూర్చుని మాట్లాడి పెట్టిన లేఖ పక్కపక్కన పెడితే తేడా వెంటనే కనిపిస్తుంది. నేను మొదటిసారి మొదటి రకం లేఖతో పంపాను.

మరో మాట. పద్దులమనిషి గారు చెప్పిన విడతల సొమ్ము విశ్వవిద్యాలయ ఖాతాలో పడి, వడ్డీ కూడా పెరిగే రోజులు కేంద్ర పథకాల్లో చాలావరకు పోయాయి. ఇప్పుడు కేంద్ర ప్రభుత్వ చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థ పీఎఫ్‌ఎంఎస్‌లో సున్నా నిల్వ ఖాతాకు పరిమితి మాత్రమే కేటాయిస్తారు, ఖర్చు చేసినంతే సొమ్ము కదులుతుంది. మార్చి 31 నాటికి వాడని పరిమితి వెనక్కు పోతుంది. ఫిబ్రవరిలో పరిమితి వచ్చి మార్చిలోగా రసాయనాలు కొనవలసి వచ్చిన అనుభవం నాకు రెండుసార్లు ఎదురైంది.

పద్దులమనిషి:

ప్రయోగశాల గారు చెప్పింది నిజం. అందుకే ఏ నెలలో ఏ ఖర్చు అన్నది ఏప్రిల్ నుంచి మార్చి లెక్కలో వేసుకోండి, మంజూరు తేదీ నుంచి పన్నెండు నెలల లెక్కలో కాదు.

బోస్టన్ తెలుగు:

నేను ఇక్కడ ఒక వైద్య పరిశోధన సంస్థలో పనిచేస్తున్నాను. అమెరికాలో వైద్య పరిశోధనకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్‌కు పంపే ప్రతిపాదనలో మొదటి పుట ఒకటుంటుంది, స్పెసిఫిక్ ఎయిమ్స్ అంటారు. ఒకే పుట. ఏమి తెలుసు, ఏమి తెలియదు, ఆ తెలియనిది ఎందుకు ముఖ్యం, దాన్ని నేను ఏ రెండు మూడు పనులతో తేలుస్తాను అన్నవన్నీ అందులో ఇమడాలి. ప్రధానమైన ఆర్01 గ్రాంటులో ఆ తర్వాత వచ్చే పరిశోధన వ్యూహం 12 పుటలే. సమీక్షకులు 1 నుంచి 9 వరకు అంకెలు వేస్తారు, 1 అంటే అత్యుత్తమం. ఎక్కువ అంకె వస్తే సంతోషించిన కొత్తవారిని నేను చూశాను. మంజూరు కాకపోయినా సమీక్షకుల వ్యాఖ్యలు చేతికి వస్తాయి, వాటికి జవాబు రాసి మళ్లీ ఒకసారి పంపుకోవచ్చు.

అక్కడ వ్యాఖ్యలు రావని అనంతసీమ గారు బాధపడ్డారు. బ్రిటన్‌కు చెందిన వెల్‌కమ్ ట్రస్ట్, మన కేంద్ర బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ) కలిసి హైదరాబాదు కేంద్రంగా నడిపే ఇండియా అలయన్స్ వంటి చోట్ల ఇంటర్వ్యూ దశ ఉంది, కానీ అది జీవ వైద్య శాస్త్రాలకు సంబంధించింది. మిగిలినచోట్ల వ్యాఖ్యలు రాకపోతే, పంపేముందే సమీక్ష చేయించుకోవడం ఒక్కటే దారి. ఆ ఒక్క పుటను మీ శాస్త్రం తెలియని ముగ్గురికి ఇచ్చి, ఏం చేయబోతున్నానో చెప్పమనండి. ముగ్గురూ మూడు రకాలుగా చెబితే పుట మళ్లీ రాయాలి. అయితే ఇక్కడి పద్ధతి యథాతథంగా అక్కడ పనికొస్తుందని నేను అనడం లేదు, ఇక్కడ సంస్థలో గ్రాంటు రాతకోతలు చూసే కార్యాలయమే వేరే ఉంటుంది, మీకు మీరే ఆ కార్యాలయం.

కొలిమి:

అందరూ శ్రద్ధగా సలహాలిస్తున్నారు, ఒక మొరటు ప్రశ్న అడుగుతున్నందుకు క్షమించండి. 2018 నాటి విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) నిబంధనల ప్రకారం 10 లక్షల లోపు ప్రాజెక్టు పూర్తి చేస్తే పదోన్నతి లెక్కలో వచ్చేది 5 మార్కులు. దీనికోసం ఏడాదిపాటు వోచర్లు రాసుకోవడం కన్నా రెండు వ్యాసాలు రాసుకోవడం తేలిక కాదా? పాత యూజీసీ మైనర్ ప్రాజెక్టుల రోజుల్లో హైదరాబాదులోని ప్రాంతీయ కార్యాలయంలోనే అంతా అయిపోయేది. ఇప్పుడు ఢిల్లీ దాకా వెళ్లాలి.

విశ్రాంతాచార్య:

కొలిమి గారి లెక్క తప్పు కాదు. మార్కుల కోసమే అయితే వద్దనే నేనూ చెబుతాను. యూజీసీ మైనర్ ప్రాజెక్టులు డిగ్రీ కళాశాలలకు మంచి మెట్టుగా ఉండేవి, మానవీయ శాస్త్రాలకు 3 లక్షలు, విజ్ఞాన శాస్త్రాలకు 5 లక్షలు ఇచ్చేవారు. ఆ మెట్టు పోవడం వల్లనే ఇవాళ అనంతసీమ గారి వంటివారు మొదటి దరఖాస్తులోనే దేశం మొత్తంతో పోటీపడవలసి వస్తోంది. కానీ అప్పుడు వచ్చిన నివేదికల్లో ఎన్ని చదవదగ్గవో కూడా నాకు తెలుసు.

అనంతసీమ:

పది రోజులుగా మీ మాటల మీద కూర్చుని మళ్లీ రాశాను. ఒక్క పుట సారాంశం కింద ఇస్తున్నాను.

శీర్షిక: సొంత మగ్గం, కూలి మగ్గం, నగదు సహాయం: ధర్మవరం పట్టు నేతలో యాజమాన్యపు అర్హత వల్ల వచ్చిన మార్పులు. ప్రశ్న: యాజమాన్యాన్ని అర్హతగా పెట్టిన నగదు సహాయం 2019 నుంచి 2023 దాకా సాగిన కాలంలో, కూలి నేత కుటుంబాలు మగ్గం యజమానులుగా మారాయా, మారినచోట షావుకారుతో వారి అడ్వాన్సు సంబంధం తెగిందా? పద్ధతి: మూడు వీధుల్లో ఇంటింటి జాబితా, దాని నుంచి 120 సొంత మగ్గం కుటుంబాలు, 120 కూలి నేత కుటుంబాలు. ప్రశ్నలు 40, ఇంటికి 45 నిమిషాలు. ఆదాయం అన్న ప్రశ్న తీసేసి, చివర నేసిన మూడు చీరలకు మజూరీ ఎంత వచ్చింది, అందులో కోత ఎంత పడింది, కండెలు ఎవరు చుట్టారు అని అడుగుతున్నాను. పగలు మగ్గం ఆపించడం న్యాయం కాదు కాబట్టి సాయంత్రాలు మాత్రమే వెళ్తాం, ఒక్కొక్కరికి రోజుకు రెండు ఇళ్లు. ముగ్గురు క్షేత్ర పరిశోధకులు, 40 పని దినాలు.

బడ్జెట్: ముగ్గురు క్షేత్ర పరిశోధకులకు రెండు నెలలు, నెలకు 20 వేల చొప్పున 1,20,000. పరిశోధన సహాయకుడికి మూడు నెలలు, నెలకు 30 వేల చొప్పున 90,000. క్షేత్రపర్యటన 1,14,000. సామగ్రి 40,000. కంటింజెన్సీ 20,000. నివేదిక 20,000. మొత్తం 4,04,000. మొదట 5 లక్షలు అడిగినవాణ్ని, పనిని రోజుల్లోకి మార్చి చూస్తే ఇంతే తేలింది. తక్కువ అడిగితే తక్కువగా చూస్తారేమోనన్న భయం ఉంది.

పద్దులమనిషి:

తక్కువ అడిగినందుకు ఎవరూ తక్కువగా చూడరు, లెక్క తప్పితే చూస్తారు. మీ సిబ్బంది పద్దు 2,10,000. అది 4,04,000లో దాదాపు 52 శాతం. పరిమితి 45. పరిమితి గరిష్ఠ మొత్తం మీద కాదు, మీరు అడిగిన మొత్తం మీద లెక్క. పరిశోధన సహాయకుడి ఒక నెల తగ్గించండి, సిబ్బంది పద్దు 1,80,000 అవుతుంది. ప్రశ్నల పట్టికను ముందుగా ఇరవై ఇళ్లలో పరీక్షించడానికి, జాబితా తయారీకి మీరు క్షేత్రపర్యటనలో ఏమీ వేయలేదు, ఆచార్యులు చెప్పారు కూడా. దానికి 26,000 కలపండి, 1,40,000 అవుతుంది. మొత్తం 4,00,000, ప్రతి పద్దూ సరిగ్గా పరిమితి దగ్గర నిలుస్తుంది. గుండ్రని సున్నాలని మొదట వెక్కిరించాను గానీ, ఇప్పుడు ప్రతి సున్నా వెనకా పని ఉంది. విడతలు 1,60,000, 1,60,000, 80,000. ఆ చివరి 80 వేలు ఎవరు ముందు పెడతారో ప్రిన్సిపాలుతో మాట్లాడండి. నెలసరి చెల్లింపుల రేట్లు ఆ ఏడాది ప్రకటనతో సరిచూడండి.

విశ్రాంతాచార్య:

ప్రశ్న బాగుంది, కానీ ఒక చిక్కు ఉంది. మీరు ఇప్పుడు వెళ్లి 2019కి ముందు పరిస్థితి అడుగుతారు. జ్ఞాపకం మీద ఆధారపడుతున్నారని సమీక్షకుడు పట్టుకుంటాడు. అతడు పట్టుకోకముందే మీరే ఒప్పుకుని, జ్ఞాపకాన్ని ఏ కాగితంతో సరిచూస్తారో రాయండి. మగ్గం కొన్న రసీదు, బ్యాంకు పాసుపుస్తకంలో పథకం సొమ్ము పడిన తేదీ, షావుకారు చిట్టా, వీటిలో ఏది దొరికితే అది. షావుకార్లు చిట్టా చూపరని నా అనుమానం, అందుకని ఆరుగురు షావుకార్లతో విడిగా సంభాషణ పెట్టుకోండి. సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి. సంతకం పెట్టించుకోవడమే భయం కలిగిస్తే, చదివి వినిపించి నోటి సమ్మతిని నమోదు చేసుకుంటామని రాయండి.

సాహిత్య సమీక్షలో పాత నివేదికల వాక్యాలు ఉంటే తీసేయండి. యూజీసీ 2018 నిబంధనల్లో 10 శాతం లోపు పోలికకు శిక్ష లేదని చాలామంది ఆ 10 శాతాన్ని హక్కుగా చూస్తున్నారు.

కొలిమి:

మరో మొరటు ప్రశ్న. ప్రభుత్వ కళాశాల అధ్యాపకులకు బదిలీలు ఉంటాయి. మధ్యలో మిమ్మల్ని శ్రీకాకుళం వేస్తే?

అనంతసీమ:

కొలిమి గారూ, ఇది నేను ఆలోచించనే లేదు. మా దగ్గర బదిలీల కౌన్సెలింగు ఎప్పుడైనా రావచ్చు.

పద్దులమనిషి:

మంజూరు సొమ్ము మీకు కాదు, మీ కళాశాలకు వస్తుంది. మీరు బదిలీ అయితే ప్రాజెక్టును కొత్త కళాశాలకు మార్చడానికి నిధులిచ్చిన సంస్థ అనుమతి, రెండు కళాశాలల అంగీకారం, అప్పటిదాకా అయిన ఖర్చుకు యూసీ కావాలి. అదే కళాశాలలో పదవీ విరమణకు దూరంగా ఉన్న మరొకరిని సహ ప్రాజెక్టు డైరెక్టరుగా ఇప్పుడే పెట్టుకోండి. బదిలీ అయినా ఖాతా కదలదు, వారి సంతకంతో పని నడుస్తుంది. ప్రిన్సిపాలు ఫార్వర్డింగ్ లేఖ కోసం గడువు చివరి రోజు వెళ్లకండి. ఆ రోజు ఆయన ఏ సమావేశానికో వెళ్లి ఉంటారు, సీలు ఉన్న బీరువా తాళం ఆయన దగ్గరే ఉంటుంది.

అనంతసీమ:

మా చరిత్ర శాఖలోని సహోద్యోగిని సహ డైరెక్టరుగా ఉండటానికి ఒప్పుకున్నారు. ఆమెది ధర్మవరం పక్క ఊరే. నేతింటి బిడ్డ గారూ, తెలుగు ప్రశ్నల పట్టిక సిద్ధమైంది. పంపేముందు మీ నాన్నగారికి చదివి వినిపించాలని ఉంది, మీకు అభ్యంతరం లేకపోతే. వచ్చే ఆదివారం రమ్మంటారా?

నేతింటి బిడ్డ:

తప్పకుండా రండి, కానీ ఆదివారం కాదు. మగ్గానికి ఆదివారం లేదు. మా ఇంట్లో అమావాస్య నాడు మాత్రమే మగ్గం ఎక్కేవారు కాదు, చుట్టుపక్కల వాళ్లు కూడా ఆ రోజు తీరికగా ఉంటారు. నాన్న ఇప్పుడు నేయడం మానేశారు గానీ అలవాటు పోలేదు, ఆ రోజైతేనే నిదానంగా కూర్చుని మాట్లాడతారు. మీ 40 పని దినాల లెక్కలో అమావాస్యలను సాయంత్రాలుగా కాకుండా పూర్తి రోజులుగా వేసుకోండి. పెద్ద వానలు పడే నెలలు మాత్రం వద్దు. మగ్గం గుంటలో నీళ్లు చేరితే పని ఆగుతుంది, మనుషులు ఇంట్లో ఉంటారు గానీ మజూరీ గురించి అడగవలసిన సమయం అది కాదు.

అనంతసీమ:

మంచిది. ఆ రెండు నెలల్లో వచ్చే రెండు అమావాస్యల నాడూ ముగ్గురూ తలా ఆరు ఇళ్లు చూడగలిగితే 40 రోజులు 36కు తగ్గుతాయి. రోజువారీ పట్టిక మార్చి, మిగిలిన నాలుగు రోజులను వానకు వదిలిపెడుతున్నాను.